అమ్మ చేతుల మీద పచ్చబొట్లున్నయ్, జపాన్ల ఆన్‌సెన్‌కు (ఉడుకు నీళ్ల ఊటల తానం చేసే జాగ) రానిస్తరా?

మర్రిగూడ_పోరడు:
అందరికి నమస్తే. నేను టోక్యోల జాబ్ చేస్తున్న, నవంబర్ల అమ్మనాన్న వస్తున్నరు. ఆన్‌సెన్ ఊళ్లు హకోనేకో కుసాత్సుకో తీస్కపోయి ఒక రాత్రి ర్యోకాన్ల, అంటె జపానోళ్ల తీరు హోటల్ల, ఉంచుదామని ప్లాన్. నాన్నకు మోకాళ్లు సరిగ వంగయ్, మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెల్సిందే కదా, ఉడుకు నీళ్లంటే ఆయనకు పానం. పరేశాన్ అంతా అమ్మతోనే. రెండు ముంజేతుల మీద పచ్చబొట్లు, తేలు బొమ్మ, చుక్కలు, చిన్నప్పుడు జాతరల పొడిపిచ్చుకున్నదట. ఇక్కడ చూస్తే టాటూ ఉంటె రావొద్దు అని బోర్డులు. అది గాక బట్టల్లేకుండ అందరి నడుమ దిగాలె అంటె "మీరు పోయి రాండ్రి, నేను రూంల కూసుంట" అంటది పక్కా. నీసు కూడ ముట్టదు. పోయొచ్చినోళ్లు ఎవలన్న ఉంటె జర చెప్పుండ్రి.

పాలమూరు_అక్క:
తమ్మి, మా అత్తమ్మకు కూడ పచ్చబొట్లున్నయ్, తీస్కపోయిన, ఏం కాలే. కాని ముందుగాల హోటల్‌కు మెయిల్ పెట్టి, ఫోటో కూడ పంపి అడుగు, కౌంటర్ కాడ నిలవడి కొట్లాడితె లాభం ఉండది. వాళ్ల భయం యాకుజా గ్యాంగోళ్ల గురించి, మన ముసలమ్మల గురించి కాదు, అయిన కొన్నిచోట్ల రూల్ అంటె రూలే. 2013ల హొక్కైడోల ఒక మావోరీ (న్యూజిలాండ్ మూలవాసి) ఆమెను మొఖం మీద వాళ్ల సంప్రదాయం టాటూ ఉన్నదని వాపస్ పంపిన్రు, అప్పుడు పెద్ద లొల్లి అయింది.

నీకు మంచిది కషికిరి. అంటె తాళం ఏస్కొని మనోళ్లే తానం చేసే రూం, గంటనో ముప్పావు గంటనో మన టైం. అమ్మనాన్న ఇద్దరే పోతరు, పచ్చబొట్టు ముచ్చట రాదు, సిగ్గు ముచ్చట రాదు. కొన్ని ర్యోకాన్లల్ల ఫ్రీ, కొన్నింట్ల ఎక్స్‌ట్రా తీస్కుంటరు. తొట్టిల దిగకముందే పక్కన చిన్న పీట మీద కూసొని సబ్బుతోని శుభ్రంగ కడుక్కోవాలె, సబ్బు నురగ తొట్టిలకు పోవద్దు, తువ్వాల నీళ్లల్ల ముంచొద్దు, జుట్టు ముడేస్కోవాలె. గిది అమ్మకు ఇంట్లనే చెప్పి తీస్కపో.

ఇంకొక్కటి, కుసాత్సు పోతె అమ్మ మట్టెలు తీయించు. ఆ నీళ్లు నిమ్మరసం లెక్క పుల్లటియి, పీహెచ్ 2 దగ్గర, గంధకం కూడ ఉంటది, వెండి పెట్టుకొని దిగితె నల్లగైతది. మా అత్తమ్మ తియ్య అంటె తియ్య అన్నది, తర్వాత చింతపండుతోని తోముకుంట నన్నే తిట్టింది.

సాగర్_రోడ్:
కషికిరి ఎందుకు అన్న, కినోసాకి అని ఇంకో ఆన్‌సెన్ ఊరుంది, అక్కడికి పో. ఊళ్లె పబ్లిక్ స్నానశాలలున్నయ్, వాటిల్ల టాటూ ఉన్నా రానిస్తరు. ర్యోకాన్ల దిగినోళ్లకు పాస్ ఇస్తరు, యుకాతా (పల్చటి నూలు కిమోనో) ఏస్కొని కట్టె చెప్పులు టకటక కొట్టుకుంట ఒక్కో దాంట్లకు పోవుడే, మస్తుంటది. యుకాతా ఎడమ అంచు పైకి రావాలె, ఉల్టా అయితె శవానికి కట్టినట్టు.

పాలమూరు_అక్క:
సాగర్ తమ్మి, వాళ్లు పొయ్యేది నవంబర్ల! నవంబర్ 6 నుంచి అక్కడ పీతల సీజన్, రాత్రి భోజనమంత పీతలే, రేట్లు కూడ పైకి పోతయ్. నీసు ముట్టని ఆమెను అక్కడ కూసోబెడ్తవా? అది గాక టోక్యో నుంచి క్యోటో పోయి అక్కడ నుంచి ఇంకో రెండున్నర గంటల రైలు, మోకాళ్లు వంగని మనిషికి అంత తిప్పలెందుకు. టోక్యోల షింజుకు స్టేషన్ నుంచి హకోనేకు రోమాన్స్‌కార్ అనే రైలు ఎక్కితె గంటన్నర లోపల దింపుతది.

కల్వకుర్తి_చెఫ్:
తిండి సంగతి నేను చెప్త. వెజ్ అని రాస్తె సరిపోదు, మాంసం తీసేస్తరు గాని సూప్‌ల దాషి ఉంటది, అది చేసేది ఎండబెట్టిన చేప తురుముతోని. బుక్ చేసేటప్పుడే "చేప దాషి కూడ వద్దు, కొంబు దాషి నడుస్తది" అని రాయ్, కొంబు అంటె సముద్రపు నాచు, ఆ రోజు పోయి చెప్తె వాళ్లు ఏం చెయ్యలేరు. కాదంటె తిండి లేకుండ రూం ఒక్కటే బుక్ చెయ్. ఇంకా, రేటు రూంకు కాదు మనిషికి ఉంటది, చూస్కోని కట్టు.

నాన్నకు బీపీ గిట్ల ఉంటె డాక్టర్‌ను అడిగి పంపు. తిన్నంక వెంటనే దిగొద్దు, ముందు కాళ్ల మీద, భుజాల మీద నీళ్లు పోస్కొని దిగాలె. నీళ్లు 40, 42 డిగ్రీలుంటయ్, ఎక్కువసేపు కూసోనియ్యకు, లేసేటప్పుడు నిమ్మళంగ లేవమను, కళ్లు తిరుగుతయ్.

మర్రిగూడ_పోరడు:
అక్కా థ్యాంక్స్, కషికిరి ఉన్నయి చూస్త. మట్టెల సంగతి నాకు తట్టనేలేదు, మా అమ్మ కూడ తీసే రకం కాదు.

పాలమూరు_అక్క:
తియ్యకుంటె కుసాత్సు ఊరి నడుమ ఉడుకు నీళ్లు ఉబికే యుబతాకే దగ్గర అషియు ఉంటది, కాళ్లు పెట్టుకొని కూసునే తొట్టి, పైసల్లేవు. చీర మోకాళ్ల దాక ఎత్తుకొని కూసుంటది, బట్టలిప్పే పని లేదు, పచ్చబొట్లు ఎవలు చూడరు. కాని మట్టెలు కాలుకే ఉంటయ్ కదా, చింతపండు ఇంట్ల పెట్టుకో.