అప్‌డేట్: వెనక ఎడమ టైరులో గాలి ఎందుకు దిగుతోందో దొరికింది

పంక్చర్ లేకుండానే మా ఏడు సీట్ల ఎస్‌యూవీ వెనక టైరు వారానికి 4 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా దిగుతోందని అడిగాను కదా, సబ్బునీళ్లతో చూడమన్నవాళ్లదే కరెక్టు. గాలి నింపే వాల్వ్ మూత తీసి రెండు చుక్కలు వేయగానే నోటి దగ్గర ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. వాల్వ్ లోపల గాలిని ఆపే పిన్ను సీలు పోయింది. పిన్ను మార్చి, మూత బిగించి రెండు వారాలైంది. 33 దగ్గరే నిలబడింది. టైరు రిమ్ముకు ఆనే అంచు దగ్గరో, వాల్వ్ మొదట్లోనో బుడగలొస్తే మాత్రం టైరు ఊడదీయించాల్సిందే.

రెండో తప్పు కొలతలో ఉంది. ఎండలో ముప్పై కిలోమీటర్లు నడిపాక బంకులో చూస్తే 37 చూపించేది. ఎక్కువైందని గాలి తీయిస్తే, తెల్లారేసరికి 29! వేడెక్కిన టైరులో గాలి ఎప్పుడూ తీయించకండి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, ఎండ తగలకముందే సొంత గేజ్‌తో చూడాలి. సుమారు 5 డిగ్రీలు చల్లబడితే 1 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి చలికాలం మొదట్లో తప్పక చూసుకోవాలి.

డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీది అంకెనే పాటించండి. టైరు గోడ మీద ఉండేది గరిష్ఠ పరిమితి. ఏడుగురూ, సామానూ ఉంటే వెనక టైర్లకు స్టిక్కర్‌లో వేరే అంకె ఉంటుంది, అది చూడండి. స్టెప్నీలో 18 మాత్రమే ఉంది, దాన్నీ నింపించాను.