వీరుడు ఒక్కడే ఆట గెలిచేస్తున్నాడు, బలం తగ్గిస్తే ఎవరికీ అక్కరలేకుండా పోతున్నాడు

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మేము ఐదుగురు మిత్రులం రెండేళ్లుగా ఆదివారాలు మా ఇంటి వసారాలో బల్ల వేసుకుని, మినియేచర్ బొమ్మలతో ఆడే ఒక కల్పనాయుద్ధాన్ని సొంతంగా తయారు చేసుకుంటున్నాము. ఇరువైపులా ఇరవై దాకా 28 మిల్లీమీటర్ల బొమ్మలు, ఆరు ముఖాల పాచికలు, ఆరు రౌండ్లు, సేనను ఎంచుకోవడానికి ఒక్కొక్కరికి 500 పాయింట్లు. స్థూలంగా ఇదీ ఆట. సైనికుల వరకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా వీరుల దగ్గరే వస్తోంది.

మహేంద్రగిరి మీద పరశురాముడు నేటికీ తపస్సు చేసుకుంటున్నాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన వాళ్లం కాబట్టి, మా మొదటి వీరుణ్ణి గండ్రగొడ్డలి పట్టిన కొండ యోధుడిగా ఊహించాము. రౌండుకు నాలుగు దెబ్బలు వేస్తాడు. పాచిక మీద 3 గాని అంతకు మించి గాని పడితే దెబ్బ తగులుతుంది, మళ్లీ 3 గాని అంతకు మించి గాని పడితే గాయమవుతుంది. వీటికి తోడు తప్పిన తగులు పాచికలను ఒకసారి తిరిగి వేసుకునే శక్తి ఒకటి, గాయం పాచికలకు అలాంటిదే మరొకటి ఇచ్చి, మొత్తం ఖరీదు 130 పాయింట్లుగా పెట్టాము. అతడు బల్ల నడిమికి చేరాడంటే మిగిలిన సేనలు చేతులు కట్టుకుని చూడవలసిందే. ఆ రెండు శక్తులూ తీసేసి 100 పాయింట్లకు దించితే, కాస్త కండపట్టిన సైనికుడిలా మిగిలిపోయాడు, అతణ్ణి ఇప్పుడు ఎవరూ ఎంచుకోవడం లేదు. వీరుడికి బలమూ ఉండాలి, చూడగానే ఫలానా అని గుర్తుపట్టే సొంత స్వభావమూ ఉండాలి, ఆట మాత్రం చెడకూడదు. అనుభవజ్ఞులు దారి చూపించగలరు.

బాటసారి (రాయగడ):

మీ చిక్కు ఈ ఆటలంత పాతది. 1971లో వచ్చిన చెయిన్‌మెయిల్ ఆటలోని కల్పనాభాగంలో వీరుడంటే నలుగురి పోరాటబలం ఉన్న ఒకే బొమ్మ, మహావీరుడంటే ఎనిమిది మంది పెట్టు. అది కేవలం కూడిక లెక్క కాబట్టి అదుపులోనే ఉండేది. 1990లలో వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధం ఆటలో వీరులకు మాయాయుధాలు ఒకదాని మీద ఒకటి తగిలించుకుంటూ పోయేసరికి, ఆ ఆటను ఆడేవాళ్లే దానికి హీరోహామర్ అని వెక్కిరింపు పేరు పెట్టారు. మీ వసారాలో జరుగుతున్నదీ అదేనని నాకు అనిపిస్తోంది.

బలాన్ని తగ్గించకండి, దానికి ఒక ముడి వేయండి. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికివస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న ఆ ఆయుధాన్ని ఘటోత్కచుడి మీద ప్రయోగించక తప్పని స్థితికి కర్ణుణ్ణి నెట్టారు. ఒక్కసారే వాడాలన్న షరతు చాలా ఆటల్లో ఉంటుంది. ఆ ఒక్కసారిని ముందే ఖర్చు చేయించే ఉపాయం ఎదుటివాడికి అందుబాటులో ఉండటమే ఇందులోని అందం. భీష్ముడు శిఖండి మీద బాణం వేయడన్న నియమం కూడా అటువంటిదే. వరం వీరుడి శక్తులు రాసిన కార్డు మీద ఉంటే, దానికి విరుగుడు ఎదుటివాడి చేతికి అందేలా ఉండాలి.

పరశురాముడి పగ రాజుల మీద గదా. అందుచేత మీ గొడ్డలి యోధుడికి ఆ రెండు శక్తులూ ఎదుటి నాయకుడి మీద, ఇతర వీరుల మీద మాత్రమే పనిచేయాలి, మామూలు సైనికుల మీద కాదు. దానితో పాటు, ఎదుటి నాయకుడు కంటబడితే యోధుడు అటే నడవాలన్న నిర్బంధం పెట్టండి. అప్పుడు అతణ్ణి చూసి ఎదుటివాడు భయపడతాడు, అదే సమయంలో ఎటు లాగాలో కూడా ఆలోచిస్తాడు.

మరో దారి ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైనది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలినప్పుడు తాండ్ర పాపారాయుడు అక్కడ లేడు, రాజాంలో ఉన్నాడు. తరువాత రాత్రివేళ విజయనగరం ప్రభువు విజయరామరాజు డేరాలో ప్రవేశించి అతణ్ణి చంపాడు. ఆట మొదట్లో బల్ల మీద కనిపించక, తన కోట పోయిన తరువాతనే వచ్చే వీరుణ్ణి ఊహించండి. గెలుస్తున్న వాడు కూడా చివరి రౌండు వరకు తన నాయకుడి చుట్టూ కాపలా పెట్టుకోక తప్పదు.

పాచికలపంతులు (జయపురం):

బాటసారి గారి ఊహ బాగుంది గాని, లెక్క సరిచేయకుండా కథ చేరిస్తే రోగం కప్పబడిపోతుందే తప్ప తగ్గదు. మీ యోధుడి నాలుగు దెబ్బలకు సగటున నాలుగు రెళ్లు ఎనిమిదిని మూడుతో, దానిని మళ్లీ రెట్టించి మూడుతో భాగిస్తే వచ్చేవి 1.78 గాయాలు. తప్పిన పాచికను తిరిగి వేసుకుంటే మూడింట రెండు వంతుల అవకాశం తొమ్మిదింట ఎనిమిది వంతులు అవుతుంది, రెండుచోట్లా అలాగే అయితే గాయాలు 3.16కు చేరతాయి. అంటే మీరు ఖరీదు 30 శాతం పెంచి, బలాన్ని 78 శాతం పెంచారు. శక్తులు ఒకదానినొకటి హెచ్చవేసుకుంటాయి, మీరు పాయింట్లను కూడుతున్నారు. తప్పు అక్కడ జరిగింది.

ఇంకొక సంగతిని చాలామంది పట్టించుకోరు. మీ వీరుడి బేస్, అంటే బొమ్మ నిలబడే గుండ్రటి బిళ్ల, ఎంత? సైనికుల మాదిరే 25 మిల్లీమీటర్లయితే అతని చుట్టూ ఆరుగురికి మించి నిలబడలేరు. సైనికుడు 4 గాని ఆపైన గాని పడితే కొట్టి, మళ్లీ 4 గాని ఆపైన గాని పడితే గాయపరుస్తాడనుకుంటే, ఆరుగురూ కలిసి చేసేది ఒకటిన్నర గాయం. వీరుణ్ణి 50 మిల్లీమీటర్ల బేస్ మీద నిలబెట్టండి, తొమ్మిది మంది పడతారు, గాయాలు 2.25 అవుతాయి. అంకెల్లో ఒక్కటీ మార్చకుండానే వీరుడు చూపుకు పెద్దవాడవుతాడు, గుంపుకు లోకువా అవుతాడు.

పాపారాయుడి తరహా వీరుడి మీద నాకు అనుమానం ఉంది. కోట పడకపోతే ఆ పాయింట్లు నీళ్లలో పోసినట్టే, కాబట్టి అతని ఖరీదు తగ్గించాలి; తగ్గిస్తే కోటను కావాలని వదులుకునే ఆటగాళ్లు బయలుదేరతారు. మా జట్టులోనే అటువంటి వాళ్లు ఇద్దరున్నారు.

బాటసారి (రాయగడ):

కోట పోయినందుకు ఆట చివర లెక్కలో పెద్ద నష్టం పెడితే ఎవరూ కావాలని వదులుకోరు. బేస్ సంగతి మాత్రం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

కొమ్ముపనివీధి (పర్లాకిమిడి):

నేను బొమ్మ చెక్కే వాణ్ణి, ఆట నాకు అంతగా రాదు. మా వీధిలో పశువుల కొమ్మును వేడి చేసి, మెత్తబరచి, వంచి పక్షులను చేస్తారు. నల్లటి కొమ్ములో కళ్లూ ఈకలూ దూరానికి తెలియవు కాబట్టి మెడ వంపుతోనే అది ఏ పక్షో చెప్పాలి. మీ వీరుడికీ అదే వర్తిస్తుంది. బల్లకు అవతల నిలబడిన వాడికి నీడను బట్టి గొడ్డలి తెలియాలి. గొడ్డలిని ఛాతీకి అడ్డంగా పట్టిస్తే ఒంటిలో కలిసిపోతుంది, భుజం పైకి, పక్కకు ఎత్తించండి. తల, చేతులు, ఆయుధం నిజమైన కొలత కన్నా పెద్దవిగా చెక్కడం ఈ బొమ్మల్లో మామూలే, మొహమాటపడవద్దు. కామను మరీ సన్నగా చేస్తే బొమ్మ పోతపోసే రెజిన్ ప్లాస్టిక్ మొదటి ఆదివారమే విరుగుతుంది. పంతులు గారు చెప్పిన 50 మిల్లీమీటర్ల బేస్ మీద చోటు చాలా మిగులుతుంది, దాన్ని ఖాళీగా వదలకుండా ఒక బండను పెట్టి, దాని మీద ఒక కాలు ఎక్కించండి. ఈ వానల్లో మాత్రం రంగుకు ముందు వేసే స్ప్రే ప్రైమర్ కొట్టకండి, గాలిలోని తేమకు పూత పొడిపొడిగా తెల్లబారుతుంది.

ఒక చిన్న మాట. మీ కార్డులో ఒక శక్తి పేరు "ప్రళయకాలానలజ్వాల" అని మొన్న చూశాను. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, పాచిక వేసేటప్పుడు ఎవరి నోరూ తిరగని పేరు పెడితే ఎలా? "రాజుపగ" అనండి చాలు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మూడు ఆటలు ఆడాము. ఆ రెండు శక్తులనూ కలిపి రాజుపగ అని పేరు పెట్టి, దాన్ని నాయకులకు, వీరులకు పరిమితం చేసి, ఖరీదు 130 గానే ఉంచి, అట్టముక్కతో 50 మిల్లీమీటర్ల బేస్ కత్తిరించుకున్నాము. మొదటి ఆటలో ఎదుటి నాయకుడు గోడ వెనుక దాక్కున్నాడు, యోధుడు అతని కోసం తిరుగుతూనే గడిపాడు. రెండో ఆటలో దొరికించుకుని ఒక్క రౌండులో చంపాడు. మూడో ఆటలో మా బావమరిది తన నాయకుణ్ణి వాగు అవతల కనబడేలా నిలబెట్టాడు. యోధుడు నడవక తప్పక నీళ్లలో దిగి, గట్టెక్కేసరికి తొమ్మిది మంది చుట్టుముట్టారు. అతడు పడ్డా, పడేలోపు ఆరుగుర్ని తీసుకుపోయాడు. ఓడిపోయిన మావాడే వచ్చే ఆదివారం కూడా ఆ యోధుణ్ణి తనకే ఇవ్వాలని పట్టుబడుతున్నాడు.

కోట పోయాక వచ్చే వీరుడి కార్డు రాస్తున్నాను. అతణ్ణి బల్లకు ఏ అంచు నుంచి రానివ్వాలో ఇంకా తేలలేదు.