మంచాన ఉన్న అవ్వకు నడుము కింద ఎర్రబడింది, స్పిరిట్ రుద్ది పౌడర్ వేయొచ్చా?

ప్రశ్న (కర్నూలు నుంచి)

అందరికీ నమస్తే. కర్నూలులో ఒక ఇంట్లో పెద్దావిడను చూసుకునే పనిలో చేరి 20 రోజులైంది. ఇంతకుముందు ఈ పని చేసింది లేదు. అవ్వకు 78 ఏళ్లు, పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, షుగర్ కూడా ఉంది. మాట ముద్దగా వస్తుంది గానీ అన్నీ తెలుస్తాయి, మంచి రోజుల్లో చాలా శుభ్రంగా బతికిన మనిషి. నేను ఒంటి మీద బట్ట తీసేటప్పుడు గట్టిగా కళ్లు మూసుకుంటుంది, అది చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. పగలూ రాత్రీ డైపరే.

నిన్న ఒళ్లు తుడుస్తుంటే నడుము కింద, పిర్రల గీత మొదలయ్యే చోట, రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దగా ఎర్రగా కనబడింది. ముట్టుకుంటే వేడిగా ఉంది, తోలు మాత్రం లేవలేదు. వాళ్ల కోడలు స్పిరిట్‌తో బాగా రుద్ది పౌడర్ వేయమంటోంది, పక్కింటావిడ గాలి రింగు కొని దాని మీద కూర్చోబెట్టమంటోంది. రొమ్ముల కింద కూడా ఒరుసుకుపోయింది, అక్కడ పౌడర్ వేస్తే చెమటకు ముద్దలు కట్టింది. పుండు పడితే నా వల్లే అంటారని టెన్షన్‌గా ఉంది, అంతకన్నా అవ్వ నొప్పి అని చెప్పుకోలేదే అని భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (అనంతపురం, వార్డు నర్సుగా 22 ఏళ్లు)

చెల్లీ, తోలు లేవకముందే చూశావు, అదే మంచిది. స్పిరిట్ వద్దు, పౌడర్ వద్దు, రుద్దడం అసలే వద్దు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి రక్తం ఆడక ఎర్రబడుతుంది, అక్కడ రుద్దితే లోపల ఇప్పటికే దెబ్బతిన్న కండ ఇంకా చెడుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండబెట్టి పగిలేలా చేస్తుంది.

ముందు ఒక పని చెయ్యి. ఆ ఎర్రటి చోట వేలితో మెల్లగా నొక్కి మూడు సెకన్లు ఉంచి తియ్యి. తెల్లబడి మళ్లీ ఎరుపు తిరిగితే రక్తం ఆడుతోందని అర్థం. నొక్కినా తెల్లబడకుండా అట్లే ఉంటే అది బెడ్‌సోర్, అంటే మంచాన ఉండి పడే ఒత్తిడి పుండు, మొదటి దశ. మన చామనఛాయ ఒళ్లలో, నల్లటి ఒళ్లలో ఎరుపు సరిగా తెలియదు, కాబట్టి రంగు ఒక్కటే చూడొద్దు, చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, కమిలినట్టు ఊదారంగుకు తిరిగిందా అని చేత్తో తడిమి చూడాలి. పగటి వెలుతురులో, రోజూ, ఒకే వేళకు. ఒక్క నడుమే కాదు, మడమలు, తుంటి, చీలమండలు, మోచేతులు, తల వెనక, చెవి అంచు కూడా.

రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, ఇది తప్పదు. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి మీద పడుతుంది, అందుకని వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల మేర వాలుగా ఉంచు. రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఇంకొకటి పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉండేలా చూడు. ఆమెను మంచం మీద పైకి జరపాల్సి వచ్చినప్పుడు చంకల్లో చేతులేసి లాగొద్దు, లాగితే పైచర్మం ఒకవైపు, లోపలి కండ ఒకవైపు పోయి కనబడకుండా చిరుగుతుంది. నడుము కింద దుప్పటి మడిచి వేసి ఉంచుకో, అటొకరు ఇటొకరు పట్టుకుని ఎత్తి జరపండి. కోడలమ్మను పిలువు, ఒక్కదానివే చేయబోతే నీ నడుము పోతుంది.

గాలి రింగు వద్దు. దాని అంచు చుట్టూ ఒత్తి, మధ్యలోకి రక్తం రాకుండా చేస్తుంది. కొనే డబ్బులుంటే గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ కొనమను, కానీ అది ఉందని ఒత్తిగిలించడం మానకూడదు. కరెంటు పోయినప్పుడు గాలి దిగి గట్టి పలకలా అవుతుంది, ఎండాకాలం కోతల్లో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

తోలు లేచినా, బొబ్బ వచ్చినా, నల్లబడినా, వాసన వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. షుగర్ ఉంది కాబట్టి రేపటికి ఆగొద్దు. గుడ్డు, పప్పు, పెరుగు సరిగా తింటోందా అనేది కూడా చూడు, ఒంట్లో సత్తువ లేకుంటే ఎంత ఒత్తిగిలించినా చర్మం నిలవదు.

జవాబు (ప్రొద్దుటూరు)

అమ్మా, మా నాయన మూడేళ్లుగా మంచాన ఉన్నారు, నేనే చూసుకుంటా. డైపర్ గురించి చెప్తాను, ఎందుకంటే మేము తప్పు చేసింది అక్కడే. ఖరీదు ఎక్కువని బరువెక్కేదాకా ఉంచేవాళ్లం. మూత్రంలో నానిన చర్మం, నీళ్లలో ఎక్కువసేపు ఉన్న వేళ్ల మాదిరి ముడతలు పడి తెల్లబోతుంది, దాని మీద ఏ కొంచెం రాపిడి తగిలినా ఊడొస్తుంది. మా నాయనకు గజ్జల్లో అట్లే అయ్యి పదిహేను రోజులు పడుకోలేకపోయినారు. ఇప్పుడు మూడు నాలుగు గంటలకోసారి చూస్తా, విరేచనమైతే నిమిషం కూడా ఆగను. సబ్బుతో ప్రతిసారీ తోమొద్దు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ, అద్దడమే గానీ రుద్దడం లేదు. ఆడవాళ్లకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలని మాకు డాక్టరమ్మ చెప్పింది, వెనక నుంచి ముందుకు వస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. తడి ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాస్తే చర్మానికి తడి తగలదు. పగలు రెండు గంటలైనా డైపర్ తీసి కింద అండర్‌ప్యాడ్ (తడి పీల్చుకునే షీటు) వేసి గాలి ఆడనివ్వండి.

పాత నూలు చీరలుంటే కోడలమ్మను అడిగి తీసుకోండి, ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డకు మించింది లేదు.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఒకటి. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. అవ్వకు వస్తోందో లేదో వాళ్లింట్లో అడగండి, రాకపోతే వార్డు సచివాలయంలో కనుక్కోమనండి. మాకు డైపర్లు, ప్యాడ్లు అందులోనే గడుస్తాయి.

జవాబు (కడప, ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే పనిలో 11 ఏళ్లు)

పాపా, అవ్వ కళ్లు మూసుకుంటుందని రాశావే, దాని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మొత్తం బట్టలు ఒకేసారి తీయొద్దు. తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, పైన ఒక పెద్ద దుప్పటి కప్పి, కడిగే భాగం మాత్రమే బయటికి తీసి, తుడిచి, ఆరబెట్టి, కప్పి, అప్పుడు తర్వాతి భాగానికి పో. చెయ్యి వేసే ముందే "అవ్వా, ఇప్పుడు వీపు తుడుస్తా" అని చెప్పు. కుడి చెయ్యి బాగానే ఉంది కదా, తడి గుడ్డ ఆ చేతికే ఇచ్చి మొహం ఆమెనే తుడుచుకోనివ్వు, ఆలస్యమైతే కానీ.

నీళ్లు నీ మోచేత్తో చూడు, పక్షవాతం వచ్చిన వైపు ఆమెకు వేడి తెలియకపోవచ్చు. రెండు బేసిన్లు పెట్టుకో, ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి ఉత్త నీళ్లకు. మొహం, మెడ, చేతులు, వీపు, కాళ్లు, చివర కింది భాగం, దానికి ముందు నీళ్లు, గుడ్డ రెండూ మార్చు. మన బోరు నీళ్లు ఉప్పవి, సబ్బు సరిగా పోదు, మిగిలిన సబ్బుకే దురద పుడుతుంది. అద్ది ఆరబెట్టాక కొంచెం చెమ్మ ఉండగానే కాళ్లకు చేతులకు కొబ్బరినూనె రాయి, కాలి వేళ్ల సందుల్లో మాత్రం నూనె వద్దు, అక్కడ పొడిగానే ఉండాలి. గోళ్లు బ్లేడుతో తీయొద్దు, షుగరున్న కాలు.

రొమ్ముల కింద కడిగి, బాగా ఆరబెట్టి, పలుచని నూలు గుడ్డ మడత పెట్టు. ఎర్రగా చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే ఫంగస్ కావచ్చు, డాక్టరు రాసిన మందే వాడు, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చుకోవద్దు. ఒక ముసలామెకు అట్లే రాసి తొడంతా పాకింది.

ఇంకొకటి, ఎడమ పిడికిలి విప్పి చూశావా? బిగిసిన పిడికిలి చాలామంది తెరవరు, లోపల చెమట పట్టి కుళ్లు వాసన వస్తుంది, గోళ్లు అరచేతిలో దిగుతాయి. వేళ్లు బలవంతంగా లాగొద్దు. గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మణికట్టును లోపలికి వంచితే వేళ్లు వాటంతట అవే వదులవుతాయి. అప్పుడు వేళ్ల సందులు కడిగి, ఆరబెట్టి, చుట్టిన గుడ్డ చేతిలో పెట్టు. జాకెట్టు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, తీసేటప్పుడు బాగున్న చెయ్యి ముందు.

అడిగినామె (ఆరు రోజుల తర్వాత)

అక్కా, అన్నా, అందరికీ దండాలు. ఆ రోజు నొక్కి చూస్తే మధ్యలో తెల్లబడలేదు. గడియారం చూసుకుని రెండు గంటలకోసారి తిప్పుతున్నా, రాత్రి ఒకసారి వాళ్లబ్బాయి లేస్తున్నాడు. ఇప్పుడు నొక్కితే తెల్లబడి మళ్లీ వస్తోంది, వేడి కూడా తగ్గింది. స్పిరిట్ సంగతి కోడలమ్మకు మీరు రాసిందే చదివి వినిపించా, ఏమీ అనలేదు, సీసా తీసి అల్మారాలో పెట్టేసింది.

పిడికిలి విప్పడానికి పావుగంట పట్టింది. లోపల ఎండిపోయిన అన్నం మెతుకు ఒకటి, చూపుడు వేలి గోరు దిగిన గుంట ఒకటి. వాసన నిజంగానే వచ్చింది. కడిగినంతసేపూ అవ్వ తన చేతినే చూస్తూ ఉంది, తర్వాత కుడి చేత్తో ఆ అరచెయ్యి తడిమి చూసుకుంది.

మడమలు చూడమన్నారు కదా, ఎడమ మడమ వెనక అణా బిళ్లంత నల్లటి మచ్చ ఉంది, గట్టిగా ఉంది. ఇన్నాళ్లూ నేను చూడనే లేదు. పిక్కల కింద దిండు పెట్టా, సాయంత్రం డాక్టరుకు చూపిస్తున్నాం, ఏం చెప్పారో రాస్తా.