అప్‌డేట్: అమ్మకి మైక్రోఆర్‌ఎన్‌ఏ టెస్టు గురించి అడిగాను కదా

అమ్మకి అండాశయ క్యాన్సర్, మూడో స్టేజి. జబ్బు ముందుముందు ఎలా ఉంటుందో మైక్రోఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) చూసి చెప్పే రక్తపరీక్ష చేయిద్దామా అని అడిగాను. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లి డాక్టరు గారిని కలిశాం. వద్దన్నారు. మిర్-200 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏల కుటుంబం ఎక్కువగా ఉంటే కొన్ని అధ్యయనాల్లో మంచి సూచన, మరికొన్నింటిలో చెడు సూచన. శాంపిల్లో రక్తకణాలు చిట్లినా అంకెలు మారిపోతాయట. 2024లో మైక్రోఆర్‌ఎన్‌ఏలకి నోబెల్ వచ్చింది కదండీ అంటే నవ్వారు. అది వాటిని కనుక్కున్నందుకు, ఈ టెస్టుకి కాదు!

స్టేజి, ఆపరేషన్‌లో గడ్డ ఎంత మిగిలింది, కీమోకి సీఏ-125 (రక్తంలో చూసే క్యాన్సర్ గుర్తు) ఎలా తగ్గుతోంది, ప్రస్తుతం చూసేవి ఇవే. బీఆర్‌సీఏ టెస్టు (వంశపారంపర్యంగా రాగల జన్యు మార్పు ఉందేమో చూసేది) మాత్రం చేయించమన్నారు. పాజిటివ్ అయితే ఓలాపరిబ్ లాంటి మందు పనికొస్తుంది, నేనూ చెల్లీ కూడా చేయించుకోవాలి. శాంపిల్ ఇచ్చాం. అమ్మ టెన్షన్ అంతా కొబ్బరి దింపు ఎవరు చూస్తారనే. రిపోర్టు రాగానే చెబుతాను.