ఉప్పునీటి ట్యాంకులో 11 సెంటీమీటర్ల ఇసుక: ఉంచాలా, తీసేయాలా?

నీలిట్యాంకు (అనంతపురం)
మాది మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న సముద్రపు చేపల ట్యాంకు. రెండేళ్ల కిందట చెన్నై కొళత్తూరు నుంచి సన్న అరగొనైట్ ఇసుక (సున్నపు రేణువులది) తెప్పించి 11 సెంటీమీటర్ల మందాన పరిచాను. చేపల రెట్ట వల్ల నీళ్లలో పేరుకునే నైట్రేట్ ఎప్పుడు చూసినా 5 పీపీఎం దాటలేదు. మొన్న మే నెలలో ఇంటికి రంగులు వేయిస్తూ ట్యాంకు జరపాల్సి వచ్చింది. సగం నీళ్లు తోడేసి నలుగురం పట్టుకున్నాం. ఒక పక్క కాస్త వంగిందో లేదో, మూలలో ఇసుక కట్ట విరిగి పడింది. గదంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. తెల్లారేసరికి గోబీ చేప, రెండు క్లౌన్ చేపల్లో ఒకటి పోయాయి. ట్యాంకు పెట్టించిన మిత్రుడు "మొత్తం తీసి పారెయ్, నేను ముందే చెప్పా" అంటున్నాడు. రెండేళ్లు నీళ్లు బాగున్నది కూడా ఈ ఇసుక వల్లే కదా! ఏం చేయమంటారు?

ఖాళీ అడుగు (కర్నూలు)
తీసేయండి. నా ట్యాంకులో అడుగున అద్దమే, ఐదేళ్లుగా. తిండి మిగిలినా, రెట్ట పడినా కంటికి కనబడుతుంది, పైపు పెట్టి లాగేస్తాను. వేవ్‌మేకర్ (నీళ్లలో అలలు పుట్టించే పంపు) ఎంత జోరుగా పెట్టినా ఇసుక లేచి రాళ్ల మీద పడే గొడవ లేదు. ఇసుక అంటే చెత్తకుండీని ట్యాంకులోనే పెట్టుకోవడం.

బురుజు పక్కిల్లు (కర్నూలు)
ఖాళీ అడుగు గారూ, మీ ట్యాంకు నేను చూశాను, శుభ్రంగానే ఉంది. కానీ గోబీ లాంటి చేప నోటినిండా ఇసుక తీసుకుని జల్లెడ పట్టుకుని తింటుంది. అద్దం మీద దాన్ని వదిలితే ఏం చేస్తుంది? కొన్ని రకాల రాస్ చేపలు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. ఏ చేపలు పెంచుతామో ముందు తేల్చుకోవాలి, అడుగు సంగతి ఆ తర్వాత.

అనంతపురం అన్నా, మీ ఇసుక రెండేళ్లు చేసిన పని నిజమే. పై రెండు మూడు సెంటీమీటర్లలో ఆక్సిజన్ ఉంటుంది. కిందికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఆ కింది పొరలో బతికే బాక్టీరియా ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ను వాడుకుని దాన్ని నైట్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. లోతు ఇసుక పెట్టేవాళ్లు 10 నుంచి 15 సెంటీమీటర్లు అనేది ఇందుకే. 1980ల్లో మొనాకోలో ఫ్రెంచి శాస్త్రవేత్త జోబేర్ ఇసుక కింద జాలీ పెట్టి ఖాళీ జాగా వదిలే పద్ధతి తెచ్చింది కూడా ఈ లెక్క మీదే. నైట్రేట్ కూడా అయిపోయిన చోట వేరే బాక్టీరియా ఉప్పునీళ్లలో ఉండే సల్ఫేట్ మీద పడతాయి. మీకు వచ్చిన గుడ్డు వాసన అదే, హైడ్రోజన్ సల్ఫైడ్.

ఈ రాత్రి లైట్లు ఆర్పి టార్చి పట్టుకుని పక్క అద్దంలోంచి చూడండి. పైన లేత గోధుమ రంగు, దాని కింద బూడిద, అడుగున అక్కడక్కడ నల్ల మరకలు ఉంటాయి. నలుపు కనబడగానే కంగారు పడక్కర్లేదు, కదపకపోతే అది దాని చోటే ఉంటుంది. మీ తప్పు లోతు ఇసుక పరచడం కాదు, ఇసుకతో సహా ట్యాంకు జరపడం.

ఇంకో మాట. వాసన వచ్చింది కాబట్టి సల్ఫైడే చంపిందని తీర్మానించకండి. సగం నీళ్లు, మే ఎండ, లేచిన మురికి. ఆక్సిజన్ పడిపోయి ఉండొచ్చు, మురికి నుంచి వచ్చే విషం అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. ఆ రోజు అమ్మోనియా చూశారా?

నీలిట్యాంకు
లేదన్నా. పరీక్షించే కిట్ అయిపోయి నెలైంది.

దేవుని కడప (కడప)
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. అరగొనైట్ అంటే కాల్షియం కార్బొనేటే కదా, మన కడప బండా సున్నపురాయే. బండలు కోసే చోట పొడి కుప్పలు పోసి ఉంటుంది, ఊరికే ఇస్తారు. వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది కూడా. అదే పరిస్తే పోలా? పీహెచ్ కూడా నిలబడుతుంది.

బురుజు పక్కిల్లు
అయ్యో సామీ, వద్దు. పొంగిందంటే కార్బొనేట్ ఉన్నట్టు, అందులో ఇంకేం లేనట్టు కాదు. మట్టి, సిలికా కలిసే ఉంటాయి. పైగా కోత పొడి పిండిలా ఉంటుంది. ట్యాంకులో వేస్తే సున్నం కలిపిన బకెట్టులా నీళ్లు తెల్లబడతాయి, ఎన్నిరోజులకు తేటపడతాయో చెప్పలేం. నలిపి, జల్లించి, 1 మిల్లీమీటరు రేణువులే ఏరుకునే ఓపిక ఉంటే అది వేరే సంగతి.

పీహెచ్ సంగతి చాలామంది నమ్మేదే కానీ, 8.2 దగ్గర ఉన్న నీళ్లలో ఈ ఇసుక కరిగేది నామమాత్రం. పీహెచ్ పడిపోయే లోపలి పొరల్లోనే కాస్త కరుగుతుంది. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ అరగొనైట్ కన్నా ఇంకా మొండిది.

ఖాళీ అడుగు
పెన్నా ఇసుక తెస్తానని ఇంకెవరో వస్తారు చూడండి! 😄 అన్నట్టు ఒకటి అడుగుతా. మన దగ్గర ఎండాకాలం 42 డిగ్రీలు. కరెంటు పోయి పంపులు రెండు గంటలు ఆగితే ఆ లోతు ఇసుకలో ఉన్న ప్రాణులన్నీ ఎవరి ఆక్సిజన్ తాగుతాయి? చేపలదే. వేడి నీళ్లలో అసలే తక్కువ ఉంటుంది. సముద్రం పక్కన కూర్చుని రాసినవాళ్ల మాటలు రాయలసీమకు అతికించకండి.

బురుజు పక్కిల్లు
ఇది ఒప్పుకుంటా. బ్యాటరీ ఎయిర్ పంపు లేకుండా మన ఊళ్లలో లోతు ఇసుక పెట్టకూడదు. నేనూ అందుకే 4 సెంటీమీటర్లకు దిగాను. నైట్రేట్ పని ఇప్పుడు రాళ్లలోని బాక్టీరియా, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే పరికరం), నీటి మార్పిడి చూసుకుంటున్నాయి.

అనంతపురం అన్నా, తగ్గించాలనుకుంటే ఒక్కసారే తీయకండి. మీది 70 కిలోల దాకా ఉంటుంది. అక్రిలిక్ ముక్క అడ్డంగా గుచ్చి మూడో వంతు విడదీయండి. లావు పైపుతో ఇసుకను నీళ్లతో సహా బకెట్లోకి లాగేయండి, చేత్తో కెలకొద్దు. మురికి ట్యాంకులో కలవకుండా బయటికే పోతుంది. ఖాళీ అయిన చోట బాగా కడిగిన కొత్త ఇసుక 4 సెంటీమీటర్లు. మళ్లీ రెండు వారాలకు ఇంకో భాగం. కనీసం 40 లీటర్ల ఉప్పునీళ్లు ముందురోజే ఆర్‌ఓ నీళ్లతో కలిపి ఉంచుకోండి. అమ్మోనియా కిట్ కొన్నాకే మొదలుపెట్టండి, దయచేసి.

తర్వాత నీళ్లు మార్చేటప్పుడల్లా ఇసుక పైపొరను కొంత కొంతగా శుభ్రం చేస్తే చాలు. ఇసుకలో దూరి మిగిలిన తిండి తినే నసారియస్ నత్తలు నాలుగు వేయండి. షాపువాళ్లు ఇసుక జల్లించే స్టార్‌ఫిష్ అంటగడతారు. మీ సైజు ట్యాంకులో అది ఉన్న పురుగుల్నంతా తినేసి తర్వాత ఆకలితో చస్తుంది.

నీలిట్యాంకు (మూడు వారాల తర్వాత)
కిట్ వచ్చింది. ఒక భాగం తీశాను. అమ్మోనియా సున్నా, నైట్రేట్ 10. మిగిలిన క్లౌన్ తింటోంది. తీసిన ఇసుకను రెండు బకెట్లలో మేడ మీద పెట్టి మర్చిపోయాను. పొద్దున చూస్తే కాకులు వాలి అందులోంచి సన్నటి పురుగుల్ని ఏరుకుని తింటున్నాయి. అంతలా ఉన్నాయని నాకే తెలియదు.

బురుజు పక్కిల్లు
అవే రెండేళ్లు మీ ఇసుకను గట్టిపడకుండా తవ్వుతూ ఉన్నవి. తర్వాతి భాగం తీసేటప్పుడు పైపొర నుంచి రెండు గుప్పెళ్లు పక్కన పెట్టి కొత్త ఇసుక మీద చల్లండి.

ఖాళీ అడుగు
తీసిందాన్ని మళ్లీ వేయమంటున్నారు, బాగుంది.