ఇంజిన్ వేడెక్కుతూనే ఉంది, మా ఆయన పడవ అమ్మేద్దాం అంటున్నారు, సలహా ఇవ్వండి

తూర్పుగాలి:
అందరికీ నమస్కారం. మేమిద్దరం 14 నెలలుగా 38 అడుగుల పాత తెరచాప పడవలోనే కాపురం ఉంటున్నాం. వర్జీనియాలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, చెసపీక్ బేలో పడవ కొని, తీరం వెంట కాలువ దారిన ఫ్లోరిడా దాకా దిగి, అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ దాటడానికి 11 రోజులు గాలి తిరిగేదాకా కాచుకుని బహామాస్ వచ్చాం. ఆ ప్రవాహం ఉత్తరానికి పోతుంది, ఉత్తరపు గాలి దానికి ఎదురు కొడితే అలలు నిట్టనిలువుగా లేస్తాయి, అందుకే ఆగాం. ఇప్పుడు ఎక్సూమా దీవుల్లో జార్జ్ టౌన్ దగ్గర లంగరేసి ఐదు వారాలు.

కాంక్ కే కట్ అని, రేవులోకి వచ్చే సన్నటి దారి, అందులోంచి లోపలికి వస్తుంటే, రెండు పక్కలా నీళ్ళ కింద రాతి దిబ్బలు, సరిగ్గా అక్కడ ఇంజిన్ అలారం మోగింది. నేను వెనక్కి వంగి చూశాను, పొగగొట్టం నుంచి పొగతోపాటు పడాల్సిన నీళ్ళు రావట్లేదు, తెల్లటి ఆవిరి వస్తోంది. మా ఆయన ఇంజిన్ ఆపేసి ముందు తెరచాప విప్పారు, నేను చుక్కాని పట్టుకున్నాను, గాలి మీదే లోపలికొచ్చి లంగరు దించాం. రాత్రి అన్నం కలుపుకుంటుంటే కూడా నా చెయ్యి వణుకుతూనే ఉంది.

ఇంజిన్‌ని చల్లబరిచే నీటి పంపు విప్పితే లోపల నీళ్ళు తోసే చక్రం, ఇంపెల్లర్ అంటారు, దాని రబ్బరు రెక్కలు విరిగి ఉన్నాయి. కొత్తది వేశాం. నీళ్ళు వచ్చాయి గానీ సన్నగా, పది నిమిషాలకి మళ్ళీ అలారం. ఒక మెకానిక్ చూసి పంపు మొత్తం మార్చాలన్నాడు. ఫ్లోరిడా నుంచి తెప్పించడానికి మూడు వారాలు, దాచుకున్న డబ్బులో పెద్ద ముక్క పోయింది, అదీ బిగించాం, అదే వరస. ఈలోపు రెండుసార్లు కోల్డ్ ఫ్రంట్, అంటే గాలి దిక్కు మార్చేసే చలిగాలుల వరస, వచ్చింది. పడమటి గాలి తిరిగేసరికి మిగతా పడవలన్నీ ఊరి వైపుకి జరిగిపోయాయి, మేం మాత్రం ఇంజిన్ లేక ఊరికి ఎదురుగా ఉన్న స్టాకింగ్ ఐలాండ్ పక్కన ఎదురు అలల్లో రాత్రంతా ఎగిరెగిరి పడ్డాం. ఇన్సూరెన్స్ ప్రకారం తుఫానుల సీజన్ మొదలయ్యే జూన్ 1 లోపు ఇక్కడి నుంచి కదలాలి. ఆయన బాగా అలిసిపోయారు, అమ్మేద్దాం అంటున్నారు. నాకేమో మనసొప్పట్లేదు. ఇలాంటిది ఎవరికైనా జరిగిందా?

సరంగు మనవడు:
అమ్మా, పాత ఇంపెల్లర్ పారేశారా, ఉందా? ఉంటే ఎన్ని రెక్కలు పోయాయో లెక్కపెట్టండి. మీరు విరిగాయి అన్నారు గానీ విరిగిన ముక్కలు దొరికాయో లేదో రాయలేదు. పంపులో లేకపోతే నీళ్ళతోపాటు ముందుకే పోయి ఉంటాయి.

తూర్పుగాలి:
ఉందండి. మొత్తం ఆరు రెక్కలు, మూడు లేవు. పంపులో ముక్కలేం లేవు.

సరంగు మనవడు:
అయితే మీ పంపు మొదటి నుంచీ మంచిదే అయి ఉండొచ్చు. సముద్రపు నీళ్ళు జల్లెడలోంచి పంపుకి, అక్కడి నుంచి హీట్ ఎక్స్‌చేంజర్‌కి (ఇంజిన్ వేడిని ఈ నీళ్ళు లాక్కునే చోటు), చివర పొగతో కలిసి బయటికి పోతాయి కదా. హీట్ ఎక్స్‌చేంజర్ లోపల సన్న గొట్టాల కట్ట ఉంటుంది, రబ్బరు ముక్కలు వాటి మూతి దగ్గరే ఇరుక్కుంటాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, సముద్రపు నీటి వాల్వు మూసేసి, ముందు పంపు నుంచి అక్కడికి వెళ్ళే పైపు ఊడదీసి, టార్చ్ వేసి చూడండి, తర్వాత పక్క మూత విప్పండి. మూత రబ్బరు రింగు చిరిగితే మళ్ళీ బిగించలేరు, కొత్తది దగ్గర పెట్టుకునే విప్పండి. అది శుభ్రంగా ఉంటే ఎగ్జాస్ట్ ఎల్బో, అంటే పొగ, నీళ్ళు కలిసే వంపు గొట్టం, చూడాలి, పాత ఇంజిన్లలో మసి, ఉప్పు పేరుకుని అది చిటికెన వేలు దూరనంతగా పూడుకుపోతుంది.

ట్యాంక్‌బండ్ తెరచాప:
అక్కా, నేను హుస్సేన్ సాగర్‌లో చిన్న పడవల మీద నేర్చుకుని తర్వాత ఇటు వచ్చినవాడిని, మాకు దెబ్బ తగిలింది ఇంజిన్ వల్ల అనుకున్నాం గానీ అసలు కారణం తేదీ. మా బావగారి కుటుంబం ఫలానా రోజు దిగుతున్నారు, వాళ్ళని ఎక్కించుకోవాలి, ఆ ఒక్క మాట కోసం బయల్దేరకూడని రోజున బయల్దేరాం. పడవ ఊగే ఊపుకి డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి అంతా లేచి ఫిల్టరు మూసుకుపోయింది, ఇంజిన్ ఆగింది, కిందికి దిగి ఫిల్టరు మార్చి డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీసేసరికి నాకు నాలుగుసార్లు వాంతి అయింది, పైన మా ఆవిడ ఒక్కతే చుక్కాని దగ్గర. ఆ తర్వాత నుంచి చుట్టాలకి ఊరి పేరు చెప్తాం, లేదా తేదీ చెప్తాం, రెండూ కలిపి చెప్పం. మీకు జూన్ 1 అనేది ఇంకా దూరం ఉంది, దాన్ని చూసి కంగారుగా కదలొద్దు.

విశాఖ కెరటం:
నేను పడవలో ఉండను, మాది విశాఖ, సముద్రం చూస్తూ పెరిగాను అంతే. మన నేవీ తెరచాప పడవ తారిణిలో ఆరుగురు నేవీ ఆడపిల్లలు 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి భూమి చుట్టి వచ్చారు కదా, అందులో స్వాతి మా ఊరమ్మాయి, ఐశ్వర్య హైదరాబాద్. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి, కేప్ టౌన్ దాటి ఇంటి దారి పట్టాక చుక్కాని తిప్పే దగ్గర సమస్య వచ్చి, ముందు అనుకోకుండా మారిషస్‌లో ఆగారు. బాగుచేయించుకున్నాకే బయల్దేరి 2018 మే 21న గోవా చేరారు. వాళ్ళ వెనక నేవీ ఉంది, మీ వెనక ఎవరూ లేరు, ఆ తేడా నాకు తెలుసు. అయినా ఆగి బాగుచేసుకోవడం ప్రయాణంలో భాగమేనని చెప్పాలనిపించింది.

గ్రెనడా గట్టు:
ఇంజిన్ చెడి ఉండగా మాత్రం అమ్మకండి. కొనేవాడు ముందు దాన్నే పట్టుకుని సగం ధర అడుగుతాడు. బాగయ్యాక కూడా అమ్మాలనిపిస్తే అప్పుడు అమ్మండి, అందులో తప్పేం లేదు. 2024 జులై 1న బెరిల్ తుఫాను గ్రెనడాకి ఉత్తరాన ఉన్న చిన్న దీవి కరియాకూ మీద పడినప్పుడు మేం గ్రెనడా దక్షిణాన ఉన్నాం, మాకు పెద్ద నష్టం లేదు. కరియాకూలో మడ చెట్లకి తాళ్ళతో కట్టుకున్న పడవలు కూడా ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, అందులో మాకు తెలిసినవాళ్ళవి రెండు. ఒకరు ఇంకో పడవ కొన్నారు, ఒకరు ఇంటికెళ్ళిపోయారు. ఇద్దరిలో ఎవరినీ నేను తప్పు పట్టను.

మీరిద్దరూ వీలైతే మూడు రాత్రులు గట్టు మీద గది తీసుకోండి. కదలని మంచం, బకెట్ నిండా మంచినీళ్ళు, ఇంజిన్ ఊసు లేకుండా. మాకు ఫ్రిజ్ చచ్చిపోయిన నెలలో ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్ మీద బతికాం, తిండికి లోటు రాలేదు గానీ నిద్ర లేక రోజూ గొడవపడ్డాం. నిద్రపోయాక మాట్లాడుకోండి.

తూర్పుగాలి:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ముందు గది తీసుకున్నాం, రెండు రాత్రులు, అంతకన్నా డబ్బు పెట్టలేకపోయాం. మొదటి రోజు ఆయన 13 గంటలు నిద్రపోయారు.

వచ్చి హీట్ ఎక్స్‌చేంజర్ మూత విప్పాం. సరంగు మనవడు గారూ, మీరు చెప్పిన చోటే. సన్న ముక్కు పటకారుతో ఒక్కొక్కటీ తీసి స్టీలు పళ్ళెంలో పెడుతూ వచ్చాను. మా ఇంపెల్లర్‌కి పోయినవి మూడు రెక్కలు, పళ్ళెంలోకి వచ్చినవి ఐదు ముక్కలు. మూడు నల్లగా మెత్తగా ఉన్నాయి, రెండు మాత్రం ఉప్పు పట్టి రాయిలా గట్టిపడ్డాయి, అంచుకి అంచు కలిపి చూస్తే అవి మావి కానే కావు. అంటే పాత ఓనర్ కాలం నుంచీ అక్కడే ఉన్నాయి, మేం కొన్న రోజు నుంచీ ఈ ఇంజిన్ సగం గొంతుతోనే నీళ్ళు తాగుతోంది.

నిన్న గంటన్నర నడిపాం, వేడి పెరగలేదు. అమ్మే మాట మే నెలలో మాట్లాడుకుందాం అన్నారు ఆయన, సరే అన్నాను. ఎల్లుండి ఇంకో ఫ్రంట్ వస్తోంది, అందుకని ఇవాళ పొద్దున్నే లంగరు తీసి ఇంజిన్ మీదే ఊరి వైపుకి వచ్చేశాం. దారి పొడుగునా నేను వెనక వంగి పొగగొట్టం నుంచి పడే నీళ్ళనే చూస్తూ కూర్చున్నాను.