ఆర్ద్ర దూరం ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంది? పార్సెక్, కాంతి సంవత్సరం, కిలోమీటర్ల మార్పిడి

మారతహళ్లి_తార:
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ పిల్లల కోసం తెలుగులో నక్షత్రాల దూరాల చార్ట్ తయారవుతోంది. కేటలాగ్‌లో దూరం లేదు, పారలాక్స్ (నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం లెక్క) మాత్రమే ఉంది. ప్రాక్సిమాకి (సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం) 768.07, ఆర్ద్రకి (ఇంగ్లిష్‌లో బెటెల్‌గ్యూస్) 6.55. ఒకటిని 768.07తో భాగిస్తే 0.0013 వస్తోంది, పార్సెక్‌లలో (ఒక పార్సెక్ దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు) ఇంత తక్కువ ఎలా? ఆర్ద్రకేమో నెట్‌లో 498, 548, 643, 724 కాంతి సంవత్సరాలు అని నాలుగు జవాబులు. ఏ గుణకం వాడాలి? ఏడాదికి 365 రోజులా, 365.25 రోజులా?

హెబ్బాళ_గణకుడు:
మీ కేటలాగ్ అంకెలు మిల్లీ ఆర్క్‌సెకండ్లలో (డిగ్రీలో 3600వ వంతు ఆర్క్‌సెకండ్, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆర్క్‌సెకండ్) ఉన్నాయండి. ఒకటిని కాదు, వెయ్యిని భాగించండి. 1000 ÷ 768.07 = 1.302 పార్సెక్‌లు. దాన్ని 3.26156తో గుణిస్తే 4.246 కాంతి సంవత్సరాలు. ఇంకోటి, పారలాక్స్ అంటే ఏడాదిలో నక్షత్రం జరిగినట్టు కనిపించే మొత్తం కోణంలో సగం. మొత్తం కోణాన్ని పెట్టి లెక్కేస్తే దూరం సగమే వస్తుంది.

గుణకాలన్నీ ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) నుంచే పుట్టించండి. 2012 నుంచి ఒక ఏయూ అంటే కచ్చితంగా 1,49,59,78,70,700 మీటర్లు, కొలిచి తేల్చేది కాదు, నిర్వచనమే. 6,48,000ని 3.14159265తో భాగిస్తే ఒక పార్సెక్‌లో ఎన్ని ఏయూలో వస్తుంది: 2,06,264.8. కాంతి సంవత్సరానికి 365.25 రోజులే, అంటే 3,15,57,600 సెకన్లు. కాంతి వేగం సెకనుకి 29,97,92,458 మీటర్లు.

ఇక్కడో తమాషా ఉంది. చాలామంది 365 రోజులు, 3 లక్షల కిలోమీటర్లు పెట్టి 9.4608 లక్షల కోట్ల కిలోమీటర్లు అంటారు. అసలు విలువ 9.46073. రెండు తప్పులూ దాదాపు సమానం, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఎవరో పుణ్యాత్ములు రోజుల్ని మాత్రం 365.25కి సరిదిద్ది వేగాన్ని వదిలేస్తే 9.4673 వస్తుంది, అంటే బాగుచేశాక తప్పు పెరిగింది! సరిదిద్దితే రెండూ సరిదిద్దండి. స్ప్రెడ్‌షీట్‌లో గుణకాల్ని ఫార్ములాల్లో టైప్ చేయకుండా వేరే గడుల్లో పెట్టుకుని అక్కణ్ణుంచి వాడుకోండి.

కోరమంగళ_దూరదర్శిని:
ఆర్ద్ర విషయంలో మీ మార్పిడి తప్పు కాదు, కొలతలే వేరు. 498 అనేది హిప్పార్కోస్ ఉపగ్రహం డేటాని 2007లో మళ్లీ లెక్కగట్టగా వచ్చిన 6.55 నుంచి వచ్చింది. 2008లో రేడియో కొలతలు కలిపితే 197 పార్సెక్‌లు, అంటే 643. 2017లో 222 పార్సెక్‌లు, అంటే 724. 2020లో నక్షత్ర నమూనాల నుంచి తీసిన 168 పార్సెక్‌లే ఆ 548. గైయాని (నక్షత్రాల దూరాలు కొలిచిన అంతరిక్ష టెలిస్కోపు) నమ్ముకుందామంటే ఇంత వెలుగున్న నక్షత్రాన్ని దాని డిటెక్టర్లు సరిగ్గా కొలవలేవు.

6.55 పక్కన ప్లస్ ఆర్ మైనస్ 0.83 కూడా ఉంటుంది, దాన్ని వదిలేయొద్దు. 7.38 పెడితే 442 కాంతి సంవత్సరాలు, 5.72 పెడితే 570. కింది వైపు 56, పై వైపు 72. భాగహారం కాబట్టి రెండు వైపులా సమానంగా రాదు. ఇలాంటి చోట 497.9 అని రాయడం అన్యాయం. "సుమారు 500 నుంచి 700" అని రాయండి. ప్రాక్సిమాకి మాత్రం 4.25 అని నిశ్చింతగా రాయొచ్చు.

బసవనగుడి_శనగ:
కిలోమీటర్ల గడిలో 4.01744E+13 లాంటిది కనిపిస్తే కంగారు పడకండి, అది 40.17 లక్షల కోట్లు. దాన్ని 10,00,00,00,00,000తో భాగించి "లక్షల కోట్ల కి.మీ." అని శీర్షిక పెడితే సరి. ఇంగ్లిష్ సైట్లలోని ట్రిలియన్ అంటే మన లక్ష కోట్లే. బిలియన్ని కోటి అనుకుని రాస్తే వందరెట్లు తేడా వస్తుంది, ఇది తెలుగు చార్టుల్లో తరచూ కనిపించే పొరపాటే. కామాలు పెట్టి అతికించిన అంకెని షీట్ ఒక్కోసారి అక్షరాలుగా తీసుకుంటుంది. గడిలో ఎడమవైపుకి అతుక్కుని ఉంటే అదే అనుమానం. షీట్‌లోని కన్వర్ట్ (CONVERT) ఫంక్షన్‌కి పార్సెక్, కాంతి సంవత్సరం తెలుసు, ఏయూ తెలియదు.

పిల్లలకైతే ఏయూకి ఒక మీటరు స్కేలు పెట్టండి. సూర్యుడు 9.3 మిల్లీమీటర్లు, కాబూలీ శనగ గింజంత. నెప్ట్యూన్ 30 మీటర్ల దూరంలో, అంటే కాంపౌండ్ లోపలే. కాంతి సంవత్సరం 63.24 కిలోమీటర్లు అవుతుంది, ప్రాక్సిమా 268.5. గింజని బెంగళూరు మెజెస్టిక్‌లో పెడితే, రోడ్డు లెక్కన కాదు, గీత గీసినట్టు చెన్నై వైపు వెళితే శ్రీపెరుంబుదూరు దాటాక, పూనమల్లి రాకముందు తగులుతుంది.

మారతహళ్లి_తార:
చాలా థాంక్సండి. గైయా నుంచి కొన్ని మసక నక్షత్రాలు కలిపితే ఒకదానికి పారలాక్స్ మైనస్ 0.21 వచ్చింది. మైనస్ దూరమా?

హెబ్బాళ_గణకుడు:
దూరం మైనస్ కాదండి. నక్షత్రం బాగా దూరంలో ఉండి అసలు కోణం సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు కొలతలోని గజిబిజి దాన్ని సున్నా కిందికి నెట్టేస్తుంది. గుర్తు తీసేసి 0.21 పెట్టకండి. పారలాక్స్‌ని దాని దోషంతో (పక్కన ఉండే ప్లస్ ఆర్ మైనస్ అంకెతో) భాగించి, 5 కంటే తక్కువ వచ్చిన వరుసల్ని చార్ట్‌లోంచి తీసేయండి.